పెద్ద రివెట్లు కొట్టడం ఎలా? ఇంట్లో కట్టే విమానం స్పార్‌కు 3/16 అంగుళం రివెట్లు

"చిన్న రివెట్లు వందల కొద్దీ బాగానే కొట్టాను. స్పార్ దగ్గరికొచ్చేసరికి పెద్దవి మాట వినట్లేదు. గన్‌కి ప్రెషర్ పెంచమంటారా?"

అమెరికాలో కిట్ కొనుక్కుని గరాజ్‌లో విమానం కట్టుకుంటున్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. స్పార్ అంటే రెక్క పొడవునా ఉండి బరువు మోసే దూలం. రివెట్‌కు ఒక కొసన తల ముందే ఉంటుంది, అది ఫ్యాక్టరీ తల. కాడను రేకుల రంధ్రంలో దూర్చి, రెండో కొనను సుత్తితోనో, గాలితో నడిచే గన్‌తోనో కొట్టి అక్కడ చేసే తల షాప్ హెడ్. ఒకరికి రివెట్ తల పక్కకు ఒరిగిపోతుంది. ఇంకొకరికి అంచులు చిట్లుతాయి. మరొకరికి ఎంతసేపు కొట్టినా తల సగంలోనే ఆగిపోతుంది. ఎవరికివారికి ఫోన్‌లో చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్తాను. ప్రెషర్ ఒక్కటి పెంచితే పని జరగదు. చిన్న రివెట్‌ను కొట్టినట్టే ఇంకాస్త ఎక్కువసేపు కొడితే పెద్ద రివెట్ కూర్చోదు. 1/8 అంగుళం రివెట్ కంసాలి పనిలాంటిది, చిన్న దెబ్బలు చాలా పడతాయి. 3/16 రివెట్ కమ్మరి పని. దెబ్బలు తక్కువ ఉండాలి, ప్రతి దెబ్బలో బరువు ఉండాలి. కింద చెప్పే ప్రతి స్టెప్పూ ఈ ఒక్క విషయం కోసమే.

ఈ రివెట్లు ఎక్కువగా తగిలేది రెక్క మెయిన్ స్పార్‌లో. వ్యాన్స్ కంపెనీ పాత కిట్లు ఆర్‌వీ-4, ఆర్‌వీ-6 కట్టినవాళ్లు స్పార్ రివెట్లు సొంతంగా కొట్టుకున్నారు. ఆ తర్వాత వచ్చిన ఆర్‌వీ మోడళ్లలో స్పార్ ఫ్యాక్టరీలోనే రివెట్ అయి వస్తుంది. కాబట్టి ఎవరో సగంలో వదిలేసిన పాత కిట్ కొన్నవాళ్లకు, ప్లాన్లు తెచ్చుకుని మొదటి నుంచీ కడుతున్నవాళ్లకు, స్పార్ మీరే రివెట్ చేసుకోవాల్సిన కిట్ ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది. నేను చెప్పేదానికీ మీ డ్రాయింగ్‌కీ తేడా వస్తే డ్రాయింగే వినండి.

ఎందుకు అంత కష్టం?

1/8 కంటే 3/16 చూడ్డానికి కొంచెమే లావు. కానీ కాడ అడ్డుకోత 2.25 రెట్లు ఎక్కువ. తలగా మారాల్సిన లోహం దాదాపు 3.4 రెట్లు. పైగా ఈ అల్యూమినియం దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడుతుంది. చిన్న దెబ్బలు యాభై కొడితే తల సగం తయారయ్యేసరికే లోహం మొండికేస్తుంది, ఆపైన కొట్టే ప్రతి దెబ్బకూ అంచులో పగుళ్లు లేస్తాయి. థియరీ ఇంతే, ఇక పనిలోకి వెళ్దాం.

కావలసినవి

- రివెట్లు: సాధారణంగా ఏఎన్470ఏడీ6 రకం. 470 అంటే గుండ్రని యూనివర్సల్ తల. ఏడీ అంటే 2117 అల్యూమినియం మిశ్రమం. 6 అంటే 32లో 6 భాగాలు, అంటే 3/16 అంగుళం (4.76 మి.మీ.). ఆ తర్వాతి అంకె పొడవు, 16వ వంతుల్లో. ఏడీ6-8 అంటే అర అంగుళం పొడవు.
- డ్రిల్ బిట్లు: 30, 21, 12 నంబర్లు. చివరికి 11వ నంబరు రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు నునుపుగా తీసే పనిముట్టు, 0.191 అంగుళం).
- 3/16 క్లెకోలు (రేకుల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే స్ప్రింగు పిన్నులు, ఇత్తడి రంగువి), వాటి ప్లయర్స్. వీటితోపాటు నాలుగైదు మామూలు బోల్టులు, నట్లు.
- 3/16 యూనివర్సల్ తలకు సరిపోయే కప్ సెట్, ఒక ఫ్లాట్ సెట్. సెట్ అంటే రివెట్‌కు ఆనించి దెబ్బ వేసే స్టీలు ముక్క.
- సీ-ఫ్రేమ్ (పై సెట్‌నూ కింది సెట్‌నూ ఎదురెదురుగా పట్టి ఉంచే సీ ఆకారపు చట్రం), మూడు నాలుగు పౌండ్ల సుత్తి. లేదా 4ఎక్స్ రివెట్ గన్, దాంతోపాటు కనీసం నాలుగైదు పౌండ్ల బకింగ్ బార్ (గన్‌కు అవతలి వైపు కాడ కొనకు ఆనించే బరువైన లోహపు దిమ్మ).
- రివెట్ కట్టర్, సన్న ఆకురాయి.
- షాప్ హెడ్ గేజ్, డిజిటల్ క్యాలిపర్, 0.002 అంగుళం ఫీలర్ గేజ్ (సందుల్లో దూర్చి చూసే సన్న లోహపు ఆకు), 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం.
- కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు. సుత్తి దెబ్బకు గట్టి స్టీలు పెచ్చు ఎగిరితే కన్ను పోతుంది. సాయం పట్టే మనిషికి కూడా ఇవ్వండి.
- మీ స్పార్ మందమే ఉన్న అల్యూమినియం ముక్క. దీన్ని దయచేసి వదిలేయకండి. సన్న రేకు మీద ప్రాక్టీస్ చేస్తే మందమైన స్పార్ గురించి మీకేమీ తెలియదు.

రివెట్ సంచీలో చెయ్యి పెట్టే ముందు ఒక మాట. ఏడీ రివెట్ తల మధ్యలో చిన్న గుంట ఉంటుంది. ఏ గుర్తూ లేకుండా నున్నగా ఉంటే అది మెత్తటి 1100 అల్యూమినియం, స్పార్‌లో దానికి పని లేదు. రెండు ఎత్తు గీతలుంటే 2024 మిశ్రమం, వేడిచేసి చల్లబరిచి ఐస్‌లో దాచుకుని కొట్టాల్సిన రకం. ఏడీకి ఆ గొడవేమీ లేదు, సంచీలోంచి తీసి నేరుగా కొట్టొచ్చు. పాత కిట్‌తో వచ్చిన కలగలుపు డబ్బా అయితే ఒక్కొక్క తలా చూసి ఏరుకోండి.

స్టెప్ 1: పొడవు తేల్చుకోండి

లెక్క ఇది: కలిపే రేకుల మొత్తం మందం + కాడ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు. 3/16కి ఆ ఒకటిన్నర రెట్లు అంటే 0.281 అంగుళం.

ఉదాహరణకు మీ స్పార్ ఒకచోట మొత్తం 0.375 అంగుళం మందం ఉందనుకుందాం. 0.375 + 0.281 = 0.656 అంగుళం. ఏడీ6-10 పొడవు 0.625, కాస్త చాలదు. ఏడీ6-11 పొడవు 0.687, కాస్త ఎక్కువ. -11 తీసుకుని కట్టర్‌తో తగ్గించుకోవడం మంచిది. కోసిన కొనను ఆకురాయితో సమంగా చేయండి. కొన ఏటవాలుగా ఉంటే తల అటే ఒరుగుతుంది.

ఇంకో సంగతి. రంధ్రం 0.191, కాడ 0.1875. ఆ ఖాళీ నింపడానికి కూడా రివెట్ లోంచే లోహం పోవాలి. 0.375 మందానికి అది సుమారు 0.014 అంగుళం పొడవును మింగేస్తుంది. సన్న రేకుల్లో ఇది లెక్కలోకి రాదు. స్పార్ మొదట్లో, మందం బాగా ఉన్నచోట, వస్తుంది. అందుకే ప్రాక్టీస్ ముక్క మీద లెక్క ప్రకారం ఒకటి, దానికంటే 1/32 పొడవుది ఒకటి కొట్టి చూసి ఏది బాగా కూర్చుంటే దానికే వెళ్లండి. స్పార్ కొసకు వెళ్లేకొద్దీ మందం తగ్గుతుంది కాబట్టి, ఏ రంధ్రానికి ఏ పొడవో మార్కర్‌తో స్పార్ మీదే రాసుకోండి.

స్టెప్ 2: రంధ్రం

రేకులన్నీ కలిపి గట్టిగా బిగించి, 30తో మొదలుపెట్టి 21కి, అక్కడి నుంచి 12కి వెళ్లండి. చివరి కోత 11వ నంబరు రీమర్‌తో తీయండి. ఒకేసారి పెద్ద బిట్ పెడితే రంధ్రం మూడు మూలలుగా వస్తుంది, అలాంటి రంధ్రంలో ఏ రివెట్టూ సరిగ్గా నిండదు. చేతి డ్రిల్ అయితే డ్రిల్ గైడ్ బ్లాక్ వాడండి. పావు అంగుళం దాటిన మందంలో రంధ్రం కొంచెం ఏటవాలైనా రివెట్ తల ఒక అంచు మీదే కూర్చుంటుంది, దాన్ని ఇక సుత్తితో సరిచేయలేరు.

రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకు కాడ వ్యాసానికి రెండు రెట్లు, అంటే 0.375 అంగుళం (9.5 మి.మీ.) దూరం ఉండాలి. రెండు రివెట్ల మధ్య కనీసం మూడు రెట్లు ఉండాలి.

స్టెప్ 3: విప్పండి, శుభ్రం చేయండి, ప్రైమర్ వేయండి

"మళ్లీ విప్పాలా? క్లెకోలన్నీ పెట్టేశాను కదా" అంటారు. విప్పాల్సిందే. డ్రిల్ చేసినప్పుడు రేకుల మధ్య సన్న పొట్టు ఇరుక్కుంటుంది. అది అక్కడే ఉండిపోతే రేకులు ఒకదాన్నొకటి ముట్టుకోవు, ఆ సందులోకి రివెట్ ఉబ్బుతుంది. ప్రతి రంధ్రం రెండు వైపులా అంచున లేచిన బర్‌ను తీసేయండి. వేలిగోరు తగిలితే గీసుకోకూడదు, అంతే చాలు. మరీ లోతుగా తిప్పి గిన్నెలా చేయకండి. తర్వాత తుడిచి, మీరు వాడే ప్రైమర్ వేసి ఆరనివ్వండి.

స్టెప్ 4: బిగించండి

ప్రతి మూడో రంధ్రానికి ఒక క్లెకో పెట్టండి. మందమైన చోట క్లెకో స్ప్రింగు బలం చాలదు. అక్కడ బోల్టు వేసి నట్టుతో లాగండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని అంచు వెంట చూడండి. సందులోంచి వెలుగు కనిపిస్తే ఇంకా బిగించాలి.

స్టెప్ 5: కొట్టే పద్ధతి ఎంచుకోండి

*సీ-ఫ్రేమ్, సుత్తి.* నా మటుకు స్పార్‌కు ఇదే మంచిది. ఖర్చు తక్కువ, రివెట్ నిటారుగా ఉంటుంది, ఒక్కరే చేసుకోవచ్చు. ఫ్రేమ్ గొంతు లోతు మీ స్పార్ రంధ్రాలకు అందుతుందా లేదా అన్నది కొనేముందు చూసుకోండి.

*గన్, బకింగ్ బార్.* సీ-ఫ్రేమ్ అందని చోట తప్పదు. 3ఎక్స్ గన్‌తో కూడా కొందరు కొడతారు, కానీ దాని దెబ్బ తేలిక. మూడు నాలుగు సెకన్లలో తల తయారుకాకపోతే ఆ గన్ ఈ పనికి చాలదని అర్థం. 4ఎక్స్ అద్దెకో అరువుకో తెచ్చుకోండి. బార్ ఎంత బరువుంటే అంత మంచిది. చేతిలో పట్టేంత చిన్న ముక్కలో బరువు కావాలంటే టంగ్‌స్టన్ బార్. ఖరీదెక్కువే, అయినా ఇరుకు చోట్ల దానికి సాటి లేదు.

*స్క్వీజర్.* ఇది కొట్టదు, రివెట్‌ను రెండు వైపుల నుంచీ నొక్కి తల చేస్తుంది. మనవాళ్ల గరాజుల్లో ఉండే మామూలు గాలి స్క్వీజర్ 90 పీఎస్ఐ దగ్గర, పిస్టన్ చివరి కదలికలో సుమారు 3,000 పౌండ్ల ఒత్తిడి ఇస్తుంది. 1/8కి అది బంగారం. 3/16 దగ్గరికొచ్చేసరికి తల సగంలో ఆగిపోతుంది, యోక్ (నొక్కే దవడ) కూడా కొద్దిగా తెరుచుకుని సెట్ పక్కకు జారుతుంది. హైడ్రాలిక్ స్క్వీజర్ దొరికితే వేరే సంగతి.

స్టెప్ 6: కింద ఆధారం సరిచూసుకోండి

ఈ విషయంలో నాకు జరిగింది చెప్తాను. మొదటి రోజు గరాజ్‌లో వర్క్‌బెంచ్ మధ్యలో సీ-ఫ్రేమ్ పెట్టి కొట్టాను. ప్రాక్టీస్ ముక్క మీద ఆరు రివెట్లు. ఆరూ ఒకే వైపుకు ఒరిగాయి, తల ఎత్తు కూడా తగ్గనంది. ఇంకా బలంగా కొట్టాను, ఇంకా ఒరిగింది. పక్కన ఆ ముక్క పట్టుకున్న మా బావమరిది, "బావా, నువ్వు కొట్టిన ప్రతిసారీ బెంచి మీద స్క్రూల డబ్బా గెంతుతోంది" అన్నాడు. చూస్తే నిజమే. ప్లైవుడ్ బెంచి మధ్యలో స్ప్రింగులా ఊగుతోంది. నా దెబ్బలో సగం బలం బెంచి తినేస్తోంది. ఫ్రేమ్‌ను తీసుకెళ్లి కాంక్రీటు నేల మీద మందపాటి స్టీలు పలక వేసి దానిమీద పెట్టాం. అదే సుత్తి, అదే చెయ్యి. నాలుగు దెబ్బలకు తల కూర్చుంది.

కాబట్టి ఫ్రేమ్ కింద నేల ఉండాలి. బెంచి మీదే పెట్టక తప్పకపోతే, బెంచి కాలికి సరిగ్గా పైన పెట్టండి. కమ్మరి దాగలి నేలలో పాతిన మొద్దు మీద ఉండేది ఇందుకే.

తర్వాత స్పార్ ఎత్తు. ఫ్యాక్టరీ తల కిందికి, కింది కప్ సెట్‌లో కూర్చునేలా పెట్టండి. స్పార్ రెండు కొసల కింద చెక్కదిమ్మలు పెట్టి, పని జరిగే చోట స్పార్ బరువు కప్ మీద ఆనేలా చూసుకోండి. దిమ్మలు ఒక వెంట్రుకవాసి ఎక్కువ ఎత్తున్నా స్పార్ తేలుతుంది, ఫ్యాక్టరీ తల కింద సందు మిగిలిపోతుంది. ఈ తప్పు పైనుంచి కనిపించదు. స్పార్ తిరగేసినప్పుడు గానీ తెలియదు, అప్పటికి ముప్పై రివెట్లు అయిపోయి ఉంటాయి.

స్టెప్ 7: సీ-ఫ్రేమ్‌తో కొట్టడం

1. రివెట్‌ను కింది నుంచి తోసి, జారిపోకుండా తల మీద టేపు ముక్క అతికించండి. టేపు సన్నగా ఉండాలి.
2. కాడ పైకి ఎంత వచ్చిందో గేజ్‌తో చూడండి. 0.281కి దగ్గరగా ఉండాలి.
3. డ్రా సెట్‌ను, అంటే మధ్యలో రంధ్రం ఉన్న స్టీలు ముక్కను, కాడ మీదుగా దించి సుత్తితో రెండు మెత్తటి దెబ్బలు వేయండి. రేకులు దగ్గరవుతాయి. దీన్ని మానేస్తే వచ్చే తప్పులు కింద చెప్తాను.
4. ఫ్లాట్ సెట్ పెట్టి ఒక మధ్యస్థం దెబ్బ వేయండి. ఆగండి. సెట్ ఎత్తి చూడండి. కాడ నిటారుగా పీపాలా ఉబ్బిందా, ఒక వైపుకు వాలిందా? వాలితే ఇప్పుడే ఆపాలి.
5. నిటారుగా ఉంటే ఇక సందేహించకండి. సుత్తి బరువు పూర్తిగా పడేలా మూడు నుంచి ఐదు దెబ్బలు. చేతిని బిగపట్టి తట్టడం కాదు, సుత్తిని పడనివ్వాలి.
6. శబ్దం వినండి. మొదటి దెబ్బలు మందంగా, మట్టిలో పడ్డట్టు ఉంటాయి. తల పూర్తయ్యేసరికి ఖణేల్‌మంటుంది. పది రివెట్లు కొట్టాక మీ చెవికి ఆ తేడా తెలిసిపోతుంది. అక్కడ ఆపి కొలవండి.

స్టెప్ 7బి: గన్‌తో అయితే

1. ప్రెషర్ ప్రాక్టీస్ ముక్క మీదే సెట్ చేసుకోండి. 60 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, తల మూడు నాలుగు సెకన్లలో తయారయ్యేదాకా పెంచండి.
2. కప్ సెట్‌ను ఫ్యాక్టరీ తల మీద లంబంగా ఆనించండి. గన్‌ను శరీరం బరువుతో నొక్కి పట్టాలి. వదులుగా పడితే సెట్ గెంతి రేకు మీద నెలవంకలా గాటు పడుతుంది.
3. బార్ పట్టే మనిషి దాన్ని కాడ కొన మీద సమంగా ఆనించి "ఊఁ" అన్నాకే ట్రిగ్గర్ నొక్కండి. బార్ లేకుండా గన్ మోగితే రేకు వంగుతుంది. చెవులకు మఫ్‌లుంటే మాట వినపడదు కాబట్టి ముందే ఒక గుర్తు అనుకోండి. బార్‌తో స్పార్‌ను ఒకసారి తడితే "కొట్టు", రెండుసార్లు తడితే "ఆపు".
4. బార్ పట్టే మనిషి గట్టిగా తోయాల్సిన పని లేదు. బరువు దాని పని అది చేస్తుంది. ఒరగకుండా చూస్తే చాలు.
5. ఒకే విడతలో ముగించండి. ఆపి, చూసి, మళ్లీ కాస్త కొట్టి, మళ్లీ ఆపి... ఇలా నాలుగు విడతలు చేస్తే లోహం గట్టిపడి అంచు చిట్లుతుంది.

స్టెప్ 8: వరస

ఒక కొస నుంచి మొదలుపెట్టి వరసగా కొట్టుకుంటూ పోకండి. రివెట్ ఉబ్బినప్పుడు చుట్టూ ఉన్న లోహాన్ని కొద్దిగా తోస్తుంది. అది ఒకే దిశలో పేరుకుంటే స్పార్ విల్లులా వంగుతుంది, చివరి రంధ్రాలు కలవవు. ముందు మధ్య నుంచి ప్రతి ఐదో రివెట్ వేయండి. తర్వాత వాటి మధ్యవి. ప్రతి ఇరవై రివెట్లకు ఒకసారి స్పార్ పొడవునా సన్న దారం లాగి కట్టి వంపు చూడండి. వంపు మొదలైందనిపిస్తే పని ఆపి కారణం వెతకండి, తర్వాత దానంతటదే సరి అవుతుందనుకోవద్దు. పై ఫ్లాంజ్, కింది ఫ్లాంజ్ (స్పార్ పై అంచు, కింది అంచు పట్టీలు) మార్చి మార్చి చేస్తే సగం గొడవ తప్పుతుంది.

ఎలా చెక్ చేయాలి

ముందు కొలతలు. షాప్ హెడ్ వెడల్పు కాడకు ఒకటిన్నర రెట్లు, అంటే 0.281 అంగుళం (7.1 మి.మీ.) దగ్గర ఉండాలి. ఎత్తు సగం, అంటే 0.094 అంగుళం (2.4 మి.మీ.). నేను పెట్టుకునే కనీస హద్దులు వెడల్పు 0.244, ఎత్తు 0.075. ఈ రెండింటిలో ఏది తగ్గినా ఆ రివెట్ పనికిరాదు. వెడల్పు బాగా వచ్చింది కదా అని ఎత్తు చూడకుండా వదలొద్దు. అతిగా కొట్టిన తల రూపాయి బిళ్లలా పలచబడి పైకి అందంగానే కనిపిస్తుంది.

తర్వాత ఫీలర్ గేజ్. 0.002 అంగుళం ఆకును ఫ్యాక్టరీ తల కింద, షాప్ హెడ్ కింద, రేకుల సందులో, మూడు చోట్లా తోసి చూడండి. కాడ దాకా దూరితే తప్పు.

భూతద్దంతో తల చుట్టూ చూడండి. పైన ఉన్న ప్రైమర్ చిట్లడం వేరు, లోహం చిట్లడం వేరు. అనుమానం ఉంటే ప్రైమర్ గోకి చూడండి.

వీటన్నిటికంటే ఎక్కువ నేర్పేది ఇంకోటి ఉంది. ప్రాక్టీస్ ముక్క మీద బాగా వచ్చిందనుకున్న రివెట్‌ను హాక్సాతో నిలువునా సగానికి కోయండి. ఆకురాయితో రుద్ది, సన్న ఎమెరీ కాగితంతో మెరుగు పెట్టి, భూతద్దం కింద పట్టుకోండి. బాగా కొట్టినదైతే కాడకీ రేకుకీ మధ్య గీత వెంట్రుకలా కనిపిస్తుంది, కొన్నిచోట్ల వెతుక్కోవాలి. సరిగా కొట్టనిదైతే ఫ్యాక్టరీ తల వైపు కాడ చుట్టూ నల్లటి సందు కనిపిస్తుంది. అంటే తల బయట తయారైంది కానీ లోపల రంధ్రం నిండలేదు. తేలిక దెబ్బలు ఎక్కువ కొట్టినప్పుడు ఇదే జరుగుతుంది. దెబ్బ బలం కొన దగ్గరే ఖర్చైపోతుంది, లోతుకు దిగదు. నేను అలా రెండు కోసి పక్కపక్కన పెట్టుకున్నాక ఇంకెప్పుడూ తేలిక సుత్తి ముట్టుకోలేదు. స్పార్ మీద మొదటి రివెట్ వేసే ముందు మీరూ కనీసం మూడు కోసి చూడండి.

తరచూ జరిగే తప్పులు

తల ఒరిగింది. మూడు కారణాలు: కాడ మరీ పొడవు, కొన ఏటవాలు, లేదా సెట్ లంబంగా లేదు. మొదటి దెబ్బకే కనిపెడితే కొందరు సెట్‌ను ఎదురు వైపుకు వాల్చి సరిచేస్తారు. 1/8కి అది కుదురుతుంది. 3/16లో నేను దాన్ని నమ్మను, రంధ్రంలో కాడ అప్పటికే వంగి ఉంటుంది. తీసేయండి.

రేకుల మధ్య ఉబ్బింది. డ్రా సెట్ వాడకపోతే, లేదా పొట్టు మిగిలితే ఇది వస్తుంది. రివెట్ రేకుల మధ్య ఉంగరంలా ఉబ్బి రెండింటినీ దూరంగా పట్టేస్తుంది. ఎంత కొట్టినా దగ్గరకు రావు. తీయడమే దారి.

అంచు చిట్లింది. దెబ్బ తేలికైంది, సంఖ్య ఎక్కువైంది. ఆ ఒక్క రివెట్ తీసి ఊరుకోకండి, పద్ధతి మార్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

రేకు మీద నెలవంక గాటు. కప్ చిన్నది, లేదా వాలింది. గాటు సన్నదైతే ఎమెరీతో నునుపు చేసి ప్రైమర్ వేయొచ్చు. గోరు ఆగేంత లోతుంటే కిట్ కంపెనీకి ఫొటో పంపి అడగండి. స్పార్ ఫ్లాంజ్ మీద గాటు అంటే పగులు అక్కడి నుంచే మొదలవ్వొచ్చు.

తల ఎత్తు కాస్త మిగిలింది, మిగతా అంతా బాగుంది. ఇది తప్పు కాదు. ఒక గట్టి దెబ్బ వేసి మళ్లీ కొలవండి.

తీయాల్సి వస్తే

తీయకముందు ఒకసారి ఆలోచించండి. హద్దుల్లోనే ఉండి, అందంగా లేదని మాత్రమే తీయాలనిపిస్తుంటే వదిలేయండి. తీయడంలో రంధ్రం పెద్దదైతే మొదటికే మోసం.

1. ఫ్యాక్టరీ తల మీది గుంటలో పంచ్‌తో మధ్య గుర్తు పెట్టండి.
2. 30 నంబరు బిట్‌తో తల మందం మేరకే డ్రిల్ చేయండి. తర్వాత 21తో అంతే లోతుకు.
3. ఆ రంధ్రంలో పిన్ పంచ్ పెట్టి పక్కకు వంచితే తల ఊడి వస్తుంది.
4. షాప్ హెడ్ చుట్టూ సాకెట్ లాంటి గుల్ల ఆధారం పెట్టి, కాడను పంచ్‌తో తోయండి. ఆధారం లేకుండా కొడితే రేకు వంగుతుంది.
5. కాడ కదలకపోతే బలవంతం చేయకండి. 30తోనే కాడ మధ్యలో ఇంకా లోతుకు డ్రిల్ చేయండి, పట్టు వదులుతుంది.
6. రంధ్రం కొలవండి. 0.191 దగ్గరే ఉంటే కొత్త రివెట్. కోడిగుడ్డులా సాగితే ఆగి కిట్ డిజైనర్‌ను అడగండి. "ఏఎన్3 బోల్టు (3/16 అంగుళం విమాన బోల్టు) వేసేస్తే సరి" అని ఎవరైనా అంటే, అది కూడా డిజైనర్ ఒప్పుకున్నాకే. బోల్టు రివెట్‌లా ఉబ్బి రంధ్రం నింపదు, సాగిన రంధ్రంలో అది కదులుతుంది.

ఒక్క ఏడీ6 రివెట్ షియర్‌లో, అంటే రేకులు అటూఇటూ జారి కాడను కోయబోయినప్పుడు, మోసే బలం సుమారు 860 పౌండ్లు. స్పార్‌లో ఒకటి బలహీనమైతే దాని వాటా పక్కవాటి మీద పడుతుంది. తీసిన ప్రతి రివెట్‌నూ లాగ్ బుక్‌లో రాయమనేది అందుకే: ఏ రంధ్రం, ఎందుకు తీశారు, మళ్లీ ఎంత కొలత వచ్చింది. ఫొటోలు తీయండి. సొంతంగా కట్టిన విమానాలకిచ్చే ఎక్స్‌పెరిమెంటల్ సర్టిఫికెట్ కోసం వచ్చే ఇన్‌స్పెక్టర్‌కు మీరే కట్టారని చూపడానికి అవి పనికొస్తాయి. ఈఏఏ (ఇంట్లో విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) సభ్యులైతే, పని చూసి సలహా ఇచ్చే వాళ్ల టెక్నికల్ కౌన్సెలర్‌ను పిలవండి. డబ్బు తీసుకోరు. రెక్క మూయకముందే పిలవాలి, స్కిన్ (రెక్క పై రేకు) వేసేశాక ఎవరొచ్చినా చూడగలిగేది ఏమీ ఉండదు.

ఎగిరాక

మొదటి టెస్ట్ ఫ్లైట్ల కాలంలో, 25 గంటలైనా 40 అయినా, ఇన్‌స్పెక్షన్ మూతలు తీసినప్పుడల్లా టార్చి వేసి స్పార్ రివెట్లు చూడండి. తల చుట్టూ నల్లటి పొగ చారలా కనిపిస్తే ఆ రివెట్ లోపల కదులుతోందని అర్థం. ఆ నలుపు మసి కాదు, రాపిడికి అరిగిన అల్యూమినియం పొడి. గుడ్డతో తుడిచి, పక్కన మార్కర్‌తో తేదీ రాసి, తర్వాతి ఫ్లైట్ అయ్యాక మళ్లీ చూడండి. చార మళ్లీ వస్తే విమానాన్ని హ్యాంగర్‌లోనే ఉంచి ఆ రివెట్ మార్చండి, దాని రెండు వైపులా ఉన్నవాటిని కూడా ఫీలర్ గేజ్‌తో చూశాకే మూత వేయండి.